మనలికి వెళ్లిన నాలుగు పేజీలు

మా ఇంట్లో ఎవరూ పని కోసం ఒకరి గడప ఎక్కలేదు. పనే మా గడప ఎక్కేది. ఈ తమిళ మహానగరంలో, జార్జి టౌన్‌లో మా ముత్తాత పెట్టిన అచ్చాఫీసుకు శుభలేఖల కోసం వచ్చేవాళ్లు చెప్పులు బయట విడిచి, లోపల బెంచీ మీద కూర్చుని, తమ వంతు వచ్చేదాకా నోరెత్తకుండా ఉండేవారని మా నాన్న చెప్పేవాడు. ఆ బెంచీని నేను చూశాను. ఆ మనుషులను చూడలేదు. నా కాలానికి అచ్చాఫీసు పోయింది. ఆ కట్టడంలో కింద ఇప్పుడు ప్లాస్టిక్ బకెట్లు, మగ్గులు టోకున అమ్ముతారు. మేడ మీద వెనకవైపు రెండు గదుల్లో నేనూ, నా భార్యా, ఒక కంప్యూటరూ ఉంటాం. ఆ కంప్యూటర్ మీద పుస్తకాలకూ పత్రికలకూ పేజీలు కడతాను. ఎవరైనా డిజైనర్ అంటే, "మాది అచ్చు వంశం" అని సరిదిద్దుతాను. కింద బకెట్ల వాళ్లు "మాడివీట్టు సార్" అంటారు, అంటే మేడ మీద ఇంటాయన. వాళ్లను సరిదిద్దడం మానేశాను.

అలాంటి నేను, నగరం దక్షిణపు కొసన షోళింగనల్లూరులోని ఒక అపార్ట్‌మెంట్ల తెలుగు సంఘం నుంచి ఫోన్ వస్తే, రెండు బస్సులు మారి వెళ్లాను. వాళ్లే వస్తామన్నారు. రెండు గదులు చూపించడం ఇష్టంలేక నేనే వస్తానన్నాను. దాన్ని గడప ఎక్కడం అనడానికి లేదు. వాళ్ల క్లబ్‌హౌస్‌కు గడపే లేదు. అద్దం తలుపు దానంతటదే తెరుచుకుంది.

లోపల ఏసీ ఎంత చల్లగా ఉందంటే, భూమి వేడెక్కుతున్న సంగతి మాట్లాడుతూనే కార్యదర్శి శాలువా కప్పుకుంది. ఆమె వరంగల్ వైపు అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయి. ఆ గుంపులో నిజంగా పని చేసేది ఆమె ఒక్కతే అని మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోయింది. అధ్యక్షుడు గుంటూరు వైపు మనిషి, ఐటీ కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఒక వాక్యం చెప్పి చుట్టూ చూస్తాడు. ఎవరైనా తల ఊపాక రెండో వాక్యం మొదలుపెడతాడు.

సంఘం ఒక పత్రిక తేదలిచింది. వాతావరణ న్యాయం దాని విషయం. పొగ వదిలేది ఒకరూ పీల్చేది ఇంకొకరూ కావడం అన్యాయమని అందులో చెబుతారు. నగరంలో ఉన్న తెలుగువాళ్లకు పంచుతారు, అందరికంటే ముందు నగరం ఉత్తరపు కొసన ఉన్న మనలిలో. అక్కడ ఒక రసాయనాల కర్మాగారాన్ని విస్తరించబోతున్నారట. దాని మీద జనం ఏమంటారో వినడానికి నెలాఖరున బహిరంగ విచారణ ఉంది. కర్మాగారం గోడకు ఆనుకున్న వీధిలో ఉన్నవాళ్లు చాలామంది ఎన్నో తరాల కింద వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లే. ఆ వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే ఒకావిడ వాయిస్ మెసేజీల్లో తమ సంగతులన్నీ చెప్పింది. కార్యదర్శి వాటిని కూర్చుని రాసుకుని, చివర విచారణలో అడగవలసిన ప్రశ్నలు చేర్చింది. పత్రిక నడిమి నాలుగు పేజీలు అవే. పిన్ను విప్పితే విడిగా వచ్చేటట్టు, విచారణకు చేతిలో పట్టుకుని పోయేటట్టు కట్టాలి.

"ఒక్క మెసేజ్ వినండి సార్" అని కార్యదర్శి ఫోన్ బల్లమీద పెట్టింది.

ఇస్త్రీ ఆవిడ గొంతు క్లబ్‌హౌస్‌లో వినిపించింది. "పోయినతూరి విచారణ పెట్టినప్పుడు మా వీధోళ్లు పోయి కూర్చున్నారు, బిరియానీ పొట్లం తిన్నారు, వచ్చేసినారు. ఏం అడగాలో ఒకరికీ తెలీదు. ఎవరికీ అభ్యంతరం లేదని వాళ్లు రాసేసుకున్నారు. ఈతూరి ఒక్కొక్కరి చేతిలో ఒక కాగితం ఉండాల పాపా. అది ఉంటే మేం మాట్లాడతాం. లేదంటే మళ్లీ బిరియానీనే."

అధ్యక్షుడు నావైపు తిరిగాడు. "మీవాళ్లే కదండీ మేష్టారూ. అక్కడి జనం ఏమంటారు, చదువుతారంటారా?"

"మీవాళ్లు" అన్న మాట నాకు గుచ్చుకుంది. మా పూర్వులు కంపెనీ దొరలకు దుబాసీలు. మేం ఈ ఊరికి వచ్చినప్పుడు షోళింగనల్లూరు ఒక చవిటినేల. రైలు దిగి పదేళ్లు కాని మనిషి నన్నూ మనలి వీధినీ ఒకే సంచిలో వేస్తున్నాడు. వెన్ను ఇంకొంచెం నిటారు చేసి అన్నాను: "తెలుగువాడి చేతికి తెలుగు పత్రిక ఇస్తే చదవకుండా ఉంటాడా?"

అందరూ తలలు ఊపారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

ఆ మాట అబద్ధమని నాకు అప్పుడే తెలుసు. మా పాత కుటుంబాల్లో ఇంట్లో మాట తెలుగు, బళ్లో చదువు తమిళం. తెలుగు అక్షరం మావాళ్ల చేతిలోంచి ఎప్పుడో జారిపోయింది. అచ్చాఫీసు పుణ్యమా అని నాకు వచ్చింది. నా భార్యకు రాదు. ముప్పై ఏళ్లుగా నేను కట్టిన పేజీల్లో ఆమె ఒక్క ముక్క చదివి ఎరుగదు. బొమ్మలు చూసి "బాగుండాయి" అంటుంది. ఈ సంగతి ఆ చల్లటి గదిలో చెప్పాలంటే నా ఇంటి తలుపు తెరిచి చూపించాలి. అందుకు సిద్ధంగా లేను. ఒక వీధి జనం నోరు నా గొప్ప మీద ఆధారపడి ఉందని నాకు తోచలేదు. తోచకుండా చూసుకున్నానేమో కూడా.

పని మొదలయింది. ముఖచిత్రం మీద రెండు అరచేతుల్లో మొలక ఉండాలన్నారు. అవి ఎవరి చేతులని అడిగాను. మొలక వద్దంటే భూగోళం అన్నారు. భూగోళానికి థర్మామీటరు పెడదామన్నారు. నేను అక్షరాలతోనే ముఖచిత్రం కట్టి, చుట్టూ జాగా వదిలి పంపాను. అధ్యక్షుడు ఫోన్ చేశాడు.

"బాగుందండీ, కానీ ఖాళీ ఎక్కువైపోయింది. ఏదైనా పచ్చగా వేస్తే..."

"ఖాళీ కూడా అచ్చులో భాగమే."

"అబ్బే, కాదనట్లేదండీ. కొంచెం పచ్చగా ఖాళీ ఉంచండి."

కాగితం విషయంలో ఆయన ఇంకా గట్టిగా నిలబడ్డాడు. చేతిలో పట్టుకుంటే బరువు తెలియాలట. నిగనిగలాడే దళసరి కాగితం, అట్టకు ప్లాస్టిక్ పొర. చెట్ల గురించి రాసే పత్రికకు ఇదేమిటని కార్యదర్శి అడిగితే, "చిరక్కుండా పదేళ్లుంటుందమ్మా, అదీ పర్యావరణమే" అన్నాడు. మా ఇంటి కింద బకెట్లమ్మే వాళ్లు కూడా ఆ మాటే అంటారు.

అన్నిటికంటే పెద్ద పేచీ ఇస్త్రీ ఆవిడ ఫొటో మీద వచ్చింది. ఆమె బొగ్గుల ఇస్త్రీపెట్టె పట్టుకుని బండి దగ్గర నిలబడి ఉంది. మంచి ఫొటో. అధ్యక్షుడికి అందులో బొగ్గు కనిపించింది.

"మన భావానికే విరుద్ధంగా లేదూ? కరెంటు ఇస్త్రీపెట్టెతో ఇంకో ఫొటో తీయించలేమా?"

కార్యదర్శి శాలువా సర్దుకుంది. "ఆమెకు కరెంటు ఇస్త్రీపెట్టె లేదు సార్. ఫొటో కోసం మనం కొనిద్దామా?"

ఆ ఒక్కసారి ఎవరూ తల ఊపలేదు. ఫొటో అలాగే ఉంది.

మా అచ్చాఫీసులో ఒక పద్ధతి ఉండేది. విషయం ఎవరిదో వాళ్లు ప్రూఫు చూసి, కింద తమ చేత్తో "సరి" అని రాస్తేనే అచ్చు ఎక్కేది. శుభలేఖకు పెళ్లికూతురి తండ్రి, కరపత్రానికి దాన్ని వేయించుకునేవాడు. నాన్న ఏం పోగొట్టుకున్నా ఈ పద్ధతిని పోగొట్టుకోలేదు. నేనూ వదలలేదు. విచారణకు ఇంకా తొమ్మిది రోజులుండగా, నడిమి పేజీల ప్రూఫు గొట్టంగా చుట్టి, తెల్లటి ఇస్త్రీ చొక్కా వేసుకుని మనలి బస్సెక్కాను.

ఆ వీధిలో అడుగుపెట్టగానే గొంతులో ఏదో పులుపు దిగింది. దండేల మీద ఒక్క బట్టా లేదు. ఇస్త్రీ బండి చింకిపాతల గుడారం కింద ఉంది. ఆమెకు నలభై అయిదేళ్లుంటాయి. నన్ను చూసి పెట్టె పక్కన పెట్టింది.

"రాన్నా. పాప చెప్పింది నువ్వు వస్తావుండావని. ఏందన్నా, పెండ్లికి పోతావుండావా? ఇంత వెళ్లగా ఉండే చొక్కా మా వీధికి వేసుకొస్తే ఎట్ల?"

"మాకు ఇది అలవాటమ్మా."

"అలవాటు సరే. సాయంత్రం దాకా ఉంటే నాకే బేరం" అని నవ్వింది.

ప్రూఫు బండిమీద పరిచాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, అంచులు మాత్రమే పట్టుకుని, చాలాసేపు చూసింది. తన ఫొటో చూసుకుంది. అక్షరాల మీద వేలు పెట్టి నిమిరింది.

"రొంబ బాగుండాదన్నా. ముగ్గు మాదిరి ఉండాది. ఏం రాసిండాది?"

"నువ్వు చెప్పిందేనమ్మా."

"అది తెల్సు. యాడ ఏముండాదని అడగతావుండా."

నేను చదవడం మొదలుపెట్టాను. ఆ నాలుగు మాటలకే పక్కిళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చారు. గుమ్మంలో మంచం మీది ముసలాయన మంచాన్ని ఇవతలికి లాగమన్నాడు. చదివాను: "పొద్దున్నే ఆ వాసన వస్తే ముందు కుక్కలు లేచి పోతాయి, ఆ తరువాతే మాకు తెలుస్తుంది. మా వీధిలో తెల్ల చీర కొనడం మానేసి చాలా ఏండ్లయింది. వాన పడితే వీధి నీళ్ల మీద నెమలి రంగులు తేలతాయి, పిల్లకాయలు చూసి సంతోషపడతారు." ఒకావిడ "నిజం, నిజం" అంది. ముసలాయన "ఎవరు చెప్పింది ఇది?" అన్నాడు. "నేనే తాతా" అంటే, "నువ్వా! నువ్వు ఇంత బాగా ఎప్పుడు మాట్లాడినావు?" అన్నాడు. వీధంతా నవ్వింది.

"వాతావరణ న్యాయం అంటే ఏందన్నా?" అని ఆమె అడిగింది, నేను చదివిన శీర్షికను పట్టుకుని.

సంపాదకీయంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొంచెం సేపు పట్టింది.

"అంటే, పొగ మాకు, సామాను వాళ్లకు. ఇదేనా?"

"ఇదే."

"మా బొగ్గు పొగ మా మూతికే వస్తుంది. వాళ్ల పొగ వాళ్ల మూతికి పోనీ. అదే కదా నేను చెప్పేది."

అధ్యక్షుడి మూడు పేజీల సంపాదకీయంలో అంత సూటి మాట ఒక్కటి లేదు. నేను పెన్ను తీసి, కింద "సరి" అని రాయమన్నాను. ఆమె పెన్ను పుచ్చుకుని ఆగింది.

"సరేగానీ, నువ్వు పోయినాక దీన్ని ఎవరు చదువుతారన్నా? ఈ వీధిలో ఒక్కరికీ తెలుగెళుత్తు రాదే, ఒక్క అక్షరం కూడా. ఆడ లేచి నిలబడితే, చేతిలో ఉండే కాగితాన్ని చూసి మేం ఏం చెప్పేది?"

ఆమె కోపంగా అనలేదు. అంటే బాగుండేది. సంఘంవాళ్లకు తెలియదు, వాళ్లు ఇప్పుడిప్పుడే వచ్చినవాళ్లు. నేను తెలిసి ఆ నాలుగు పేజీలు కట్టాను, ఒత్తుల కింద జాగా కొలిచి మరీ.

"తమిళంలో వేయిస్తాను" అన్నాను.

"అరవం నోటీసులు దినమూ వస్తాయి. కర్మాగారం వాళ్లదీ అరవమే, పార్టీలోళ్లదీ అరవమే. బజ్జీలు చుట్టేదానికి పనికొస్తాయి. ఇప్పుడు చూస్తివి కదా, మన మాట అయ్యేసరికి తాత మంచం లాక్కుని వచ్చినాడు. మా గ్రూపులో మేం రాసుకునే మాదిరి వెయ్యరాదా?"

ఫోన్ తీసి చూపించింది. వీధివాళ్ల వాట్సాప్ గ్రూపు. నీళ్ల లారీ వచ్చిందనీ, ఎవరికో జ్వరమనీ, ఒకావిడ పిల్లి కనబడలేదనీ. అక్షరాలన్నీ తమిళం. మాటలన్నీ తెలుగు.

మా అమ్మ నాకు రాసిన ఉత్తరాలు అలాగే ఉండేవి. నేను హాస్టల్లో వాటిని ఎవరికీ కనబడకుండా చదివి, పెట్టె అడుగున పెట్టేవాణ్ని. అచ్చాఫీసు ఇంటి కోడలు తెలుగును అరువు అక్షరాల్లో రాస్తుందని తెలిస్తే పరువు పోతుందని. ఆ పద్ధతిని నేను చదువులేనితనం అనుకున్నాను. ఈ వీధిలో అది చదువు.

మర్నాడు మళ్లీ రెండు బస్సులు మారాను. సంఘం సమావేశమైంది. విషయం చెప్పగానే గదిలో సలహాలు మొదలయ్యాయి. పేజీ మూల క్యూఆర్ కోడ్ పెడదామని ఒకరన్నారు, దానికి ఫోన్ చూపించి నొక్కితే చదివి వినిపిస్తుందట. విచారణలో లేచి నిలబడి ఫోన్ నొక్కుతారా అని కార్యదర్శి అడిగింది. ఇంకొకాయన అక్కడ తెలుగు తరగతులు పెడదామన్నాడు.

"ఎనిమిది రోజుల్లోనా?" అన్నాను.

"దీర్ఘకాలిక ప్రణాళికగా అండీ."

తమిళ అక్షరాల్లో వేద్దామన్నాను. అధ్యక్షుడు చుట్టూ చూశాడు. "అదేం తెలుగండీ? మన తీర్మానంలో తెలుగు పత్రిక అని ఉంది."

"మాటలన్నీ తెలుగే."

"చూస్తే అరవంలా ఉంటుంది కదండీ! ఇన్ని తరాలుగా తెలుగును కాపాడుకున్న కుటుంబం మీది. మీరే ఇలా అంటే ఎలా?"

ఇన్నాళ్లూ ఎవరైనా ఆ మాట అంటారేమోనని నేను ఎదురుచూశాను. అనగానే అందులో గొప్ప ఏం మిగల్లేదు.

"మా అమ్మకు తెలుగు అక్షరం రాదు. నా భార్యకు రాదు. మొదటిరోజు మీరు అడిగినప్పుడు చెప్పవలసింది, చెప్పలేదు. తప్పు నాది. ఆ వీధి నోరు మాత్రం నా తప్పుకు మూతపడకూడదు."

వెన్ను నిటారుగానే ఉంచాను. అది అలవాటు. కార్యదర్శి మెల్లగా అంది: "సార్, నా ఫోన్ల తెలుగంతా ఇంగ్లిషు అక్షరాలే. మీ పోరగాండ్లది కూడా గంతే కదా. దాన్ని తెలుగు కాదంటమా?"

అధ్యక్షుడు ఈసారి ఎవరి తల వైపూ చూడలేదు. పత్రిక పత్రికలాగే ఉంటుందని, నడిమి పేజీలను "అనుబంధం" అని పిలిస్తే తీర్మానానికి భంగం ఉండదని తేల్చాడు. తీర్మానం పరువు దక్కింది. మనలికి నాలుగు పేజీలు దక్కాయి.

తమిళంలో ఒత్తులు కిందికి దిగవు. అక్షరాలు పక్కపక్కనే నిలబడతాయి, మాట పొడుగవుతుంది. మూడు పేజీల మేటర్ నాలుగున్నర అయింది, ఉన్నవి నాలుగే. ముసలాయన కోసం అక్షరం చిన్నది చేయడానికి లేదు. నేనెంతో ముచ్చటపడి వదిలిన ఖాళీలన్నీ తీసేశాను. చుట్టూ అంచు వేలెడు మిగిలింది. ఖాళీ కూడా అచ్చులో భాగమేనని అధ్యక్షుడికి చెప్పిన మనిషిని నేనే.

ప్రూఫు తీసి వంటింట్లో నా భార్య ముందు పెట్టాను. ఆమె ఒక చేత్తో పోపు కలుపుతూ ఇంకో చేత్తో కాగితం పట్టుకుంది. బొమ్మ చూసి వదిలేస్తుందనుకున్నాను. పెదవులు కదిలాయి. తరువాత పైకే చదివింది. కుక్కల దగ్గర నవ్వింది. తెల్ల చీర దగ్గర ఆగింది. పోపు మాడింది.

"ఈ ప్రశ్న బాగలేదు" అంది. "'నీటి నాణ్యత' అంటే ఎవరికి తెలుస్తుంది? 'మా బోరు నీళ్లు మీరు ఒక గ్లాసు తాగతారా?' అని అడగమను."

మార్చాను. మా పెళ్లయిన తరువాత ఆమె నా పని మీద చెప్పిన మొదటి తప్పు అది. మూడు చెప్పింది, మూడూ నిజమే. ఇస్త్రీ ఆవిడ ఆ ప్రూఫు కింద తమిళ అక్షరాల్లో "సరి" అని రాశాకే అచ్చుకు పంపాను.

విచారణ ఒక కల్యాణ మండపంలో జరిగింది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే వేదిక మీద అధికారులు కూర్చున్నారు. వెనక ప్లాస్టిక్ పూల దండలు ఇంకా వేలాడుతున్నాయి. పక్క గదిలోంచి బిరియానీ వాసన వస్తోంది. సంఘం తరఫున కార్యదర్శి ఒక్కతే వచ్చింది. అధ్యక్షుడికి ఆఫీసులో పని పడింది. మా నిగనిగల పత్రికలు ఆమె సంచిలో బరువుగా ఉన్నాయి. నాలుగు పేజీలు మాత్రం విడిగా, మామూలు కాగితం మీద, వీధివాళ్ల చేతుల్లో మడతలుపడి, కొన్ని నూనె మరకలతో ఉన్నాయి. మూడు రోజులుగా ఒకరికొకరు చదువుకున్నారట.

కర్మాగారం తరఫు మనిషి మాట్లాడాక, ఎవరికైనా అభ్యంతరమా అని అడిగారు. కొన్ని తలలు బిరియానీ గదివైపు తిరిగాయి. అప్పుడు ముసలాయన కుర్చీలోంచి లేవకుండానే కాగితం ఎత్తి, తెలుగులో, బోరు నీళ్ల ప్రశ్న చదివాడు. ఆయన వెనక ఒకావిడ లేచింది. ఆమె వెనక ఇంకొకావిడ. పక్క గదిలో పొట్లాలు కట్టేవాళ్లు చెయ్యి ఆపి గుమ్మంలోకి వచ్చారు. వేదిక మీదివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వివరాలు రాసుకునే గుమాస్తా కిందికి దిగి వచ్చి, రాతపూర్వకంగా ఉంటే ఇవ్వమని తమిళంలో అడిగాడు. ఇస్త్రీ ఆవిడ తన కాగితం ఇచ్చింది. ఆయన కళ్లజోడు సర్దుకుని మొదటి లైను గడగడా చదివేశాడు. రెండో లైను కూడా చదివాడు. ఆగాడు. కాగితం తిప్పి చూశాడు.

"చదవగలుగుతున్నాను. ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఏం భాష ఇది?"

ఆమె నావైపు చూసింది.

"తెలుగు" అన్నాను, మండపంలో అందరికీ వినబడేటట్టు.

"దీన్ని నేను ఎట్లా రాసుకోను?"

"కూర్చోండి సార్" అంది ఆమె, ఈసారి తమిళంలో. "ఒక్కొక్కటే చెప్తాను, మీరు రాసుకోండి. మేమెక్కడికీ పోము."

ఆయన బిరియానీ గదివైపు ఒకసారి చూశాడు. కుర్చీ లాక్కుని, కొత్త కాగితం తీసి, పైన ఒకటి అని అంకె వేశాడు.